మెల్లగా, ఆగకుండా పరిగెత్తితే ఒంట్లో ఏం మారుతుంది?

తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను. మీకు 36 ఏళ్లు, 72 కిలోల బరువు, ఉండేది మియాపూర్. ఎనిమిది నెలలుగా వారానికి ఐదు రోజులు 5 కి.మీ. చొప్పున పరిగెడుతున్నారు. రోజూ 30 నిమిషాలకు అటూఇటూగా ముగిస్తున్నారు. వాచీలో గుండె వేగం 170 పైనే చూపిస్తోంది. మూడు నెలలుగా టైమింగ్ ఒక్క నిమిషం కూడా తగ్గలేదు, 8 కి.మీ. దాటితే నడవక తప్పడం లేదు. ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) చేయాలని ఉంది. మీ గ్రూప్‌లో ఒకరు మెల్లగా, ఆగకుండా, ఎక్కువసేపు పరిగెత్తమన్నారు. ఇంకొకరు అది టైమ్ వేస్ట్, ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం) చేస్తేనే దమ్ము పెరుగుతుందన్నారు. మెల్లగా పరిగెత్తితే నిజంగా ఒంట్లో మారేదేమిటి, ఎంత మెల్లగా, ఎన్నాళ్లు అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి పన్నెండు వారాలు మీ పరుగు దాదాపు మొత్తం పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. ఇప్పటి మీ స్థితిలో అది కి.మీ.కి ఏడున్నర నుంచి ఎనిమిదింబావు నిమిషాలు. ఆ తర్వాత కూడా వారం మొత్తం పరుగులో ఐదింట నాలుగు వంతులు ఇలాగే సాగాలి. ఇంటర్వెల్స్ చెప్పిన స్నేహితుడి మాటలోనూ నిజం ఉంది, కానీ వాటి వంతు తర్వాత వస్తుంది. ఇప్పుడు మార్చి నెలాఖరు, మీకు ఐదు నెలల టైమ్ ఉంది. ఈ పని చేయడానికి అది చాలు.

ముందు మీరు ఎందుకు ఆగిపోయారో చూద్దాం. గరిష్ఠ గుండె వేగానికి 208 లోంచి వయసులో 70 శాతం తీసేసే లెక్క ఒకటుంది. మీకు 183 వస్తుంది. ఇది సగటు మనిషి లెక్క, ఒక్కో మనిషికి పది అటూఇటూ కావచ్చు. అయినా 170 పైన అరగంట అంటే మీరు దాదాపు 93 శాతం మీద పరిగెడుతున్నారు. అంటే రోజూ ఒక రేసు పరిగెడుతున్నట్టే. ఆ తీవ్రతలో కండరాల్లో పుట్టే లాక్టేట్ అనే పదార్థం ఎంత వేగంగా పుడుతుందో అంత వేగంగా ఖర్చు కాదు, పేరుకుంటూ పోతుంది. 5 కి.మీ. వరకు పంటి బిగువున లాగేస్తున్నారు, 8 దగ్గర ఒళ్లు మొరాయిస్తోంది. అక్కడ ఒంట్లో ఇంధనం అయిపోలేదు. మీ ఒళ్లు తట్టుకోగల గీతకు పైన మొదటి కి.మీ. నుంచే పరిగెడుతున్నారు, అంతే. మర్నాడు కాళ్లు కోలుకోకముందే మళ్లీ అదే పని. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఈ స్థితిలోనే వస్తారు. వాళ్లలో కష్టపడే గుణానికి లోటుండదు. అందుకే వాళ్లకు మెల్లగా వెళ్లమని చెప్పడం కష్టం, వాళ్లు వినడం ఇంకా కష్టం.

ఇక ఒంట్లో మారేదాని గురించి. ఇది కాస్త వివరంగా రాస్తాను. కారణం తెలియకపోతే రెండో వారంలోనే ఓపిక పోతుంది.

గుండెతో మొదలుపెడదాం. గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి తోసే రక్తాన్ని స్ట్రోక్ వాల్యూమ్ అంటారు. శిక్షణ లేని మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు అది సుమారు 70 మిల్లీలీటర్లు. ఏళ్ల తరబడి దూరాలు పరిగెత్తినవాళ్లలో 100 వరకు వెళ్తుంది. వేగం పెంచేకొద్దీ ఇది పెరుగుతుంది కానీ, మనలాంటి మామూలు రన్నర్లలో మన పూర్తి సామర్థ్యంలో సగం దగ్గరే దాదాపు గరిష్ఠానికి చేరిపోతుంది. ఆ పైన రక్తం ఎక్కువ కావాలంటే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవడమే మార్గం. దీన్ని ఇంకోలా చూడండి. మాట్లాడగలిగే వేగంలో కూడా మీ గుండె ప్రతి చప్పుడుకీ దాదాపు నిండుగా నిండుతోంది, నిండుగా తోస్తోంది. పైగా ఆ వేగంలో గంటన్నర ఉండగలరు. 93 శాతం దగ్గర అరగంటకు మించి ఉండలేరు. నెలల తరబడి ఇలా నిండుతూ ఉంటే ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోసే గుండె గది) లోపలి చోటు పెరుగుతుంది, గోడ సాగే గుణం మెరుగవుతుంది. పొద్దున లేవగానే చూసుకునే నాడి 72 నుంచి 60కి దిగడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

రక్తం ఇంకా తొందరగా మారుతుంది. మొదటి రెండు వారాల్లోనే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. ఎర్రకణాలు వెనకాల నెమ్మదిగా, వారాలు పట్టి పెరుగుతాయి. ఈ మధ్యకాలంలో రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా కనిపించవచ్చు. కణాలు తగ్గలేదు, నీరు పెరిగింది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పరిగెత్తేవాళ్లకు ఈ ప్లాస్మా పెరగడం పెద్ద వరం. చర్మానికి రక్తం పంపి ఒంటిని చల్లబరచాలన్నా, కండరాలకు పంపి పరుగు నడిపించాలన్నా మొత్తం రక్తం ఎక్కువ ఉంటేనే రెండూ సాగుతాయి.

తర్వాత కండరాలు. అసలు కథ ఇక్కడే ఉంది. గుండె ఎంత రక్తం తోసినా అది ప్రతి కండర తంతువు దాకా చేరాలి. పెద్ద కాలువలో నీళ్లున్నా పిల్లకాలువలు తవ్వకపోతే చివరి మడి ఎండినట్టే, కేశనాళికలు, అంటే వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు, లేని చోట ఆక్సిజన్ అందదు. ఆగకుండా సాగే పరుగు ఈ కేశనాళికలను పెంచుతుంది. ఒక్కో తంతువు చుట్టూ వాటి సంఖ్య పెరిగేకొద్దీ రక్తం అక్కడ నెమ్మదిగా కదులుతుంది, ఆక్సిజన్ దిగడానికి తీరిక దొరుకుతుంది. దీనికి నెలలు పడుతుంది, వారాల్లో అయ్యే పని కాదు.

ఆ ఆక్సిజన్‌ను వాడుకునేది మైటోకాండ్రియా, అంటే కణాల్లో శక్తిని తయారుచేసే సూక్ష్మ భాగాలు. 1967లో అమెరికాలో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారాల తరబడి పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల పనితీరు సుమారు రెట్టింపు అయిందని చూపించారు. అంతకుముందు దమ్ము అంటే గుండె, ఊపిరితిత్తుల వ్యవహారమే అనుకునే ధోరణి ఎక్కువ. కాళ్లలోని కండరం కూడా అంతగా మారుతుందని గట్టిగా తెలిసింది అప్పుడే. ఆ తర్వాత మనుషుల్లోనూ ఇదే కనిపించింది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పరుగు ఆపేస్తే ఇవి తగ్గడం కూడా కొద్ది వారాల్లోనే మొదలవుతుంది. అందుకే నేను వేగం కంటే విరామం లేకపోవడాన్ని ఎక్కువ పట్టించుకుంటాను. వారానికి నాలుగు రోజులు ఐదు నెలలు పరిగెత్తినవాళ్లు, నెల విజృంభించి నెల మానేసేవాళ్ల కంటే ఎప్పుడూ ముందుంటారు.

“ఆగకుండా” అనే మాట ఎందుకంత ముఖ్యం? ఇది మీరు నేరుగా అడగలేదు గానీ మీ ప్రశ్నలోనే ఉంది. మెల్లగా పరిగెత్తేటప్పుడు శరీరం ముందుగా నెమ్మది తంతువులను పనిలో పెడుతుంది. అవి అలసటను తట్టుకునేవి, ఆక్సిజన్‌తో నడిచేవి. గంట, గంటంబావు దాటాక వాటిలో కొన్నింటిలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న కార్బోహైడ్రేట్) అడుగంటుతుంది. అప్పుడు అదే వేగంలో సాగడానికి శరీరం వేగపు తంతువులను కూడా పిలుస్తుంది. అంటే ఆదివారం పొద్దున లాంగ్ రన్‌లో (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) చివరి ముప్పావు గంట, మీరు వేగం పెంచకుండానే, వేగపు తంతువులు కూడా ఆక్సిజన్ వాడుకోవడం నేర్చుకుంటున్నాయి. మూడు సార్లు ఇరవై నిమిషాలు పరిగెత్తితే ఇది రాదు. కాబట్టి లాంగ్ రన్‌ను ముక్కలు చేయొద్దు. సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగడం, నీళ్లు తాగడానికి నిలబడడం లెక్కలోకి రావు. ఫొటోలకు, ఛాయ్‌కి పదేసి నిమిషాలు ఆగడం లెక్కలోకి వస్తుంది.

ఇంధనం సంగతి కూడా చెప్పాలి. ఒంట్లో కార్బోహైడ్రేట్ నిల్వ, కండరాల్లోను కాలేయంలోను కలిపి, సుమారు 400 నుంచి 500 గ్రాములు. అంటే 2000 కేలరీలకు అటూఇటూ. పరుగుకు కిలో బరువుకు కి.మీ.కి సుమారు ఒక కేలరీ ఖర్చు. మీ 72 కిలోలకు హాఫ్ మారథాన్ అంటే 1500 పైచిలుకు. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, కానీ చేతుల కండరాల్లో ఉన్న గ్లైకోజెన్ కాళ్లకు రాదు. కొవ్వు మాత్రం సన్నగా ఉన్న మనిషిలో కూడా పదుల వేల కేలరీలు ఉంటుంది. మెల్లని పరుగుతో కండరం కొవ్వును కాల్చే సామర్థ్యం పెరుగుతుంది, అదే వేగంలో గ్లైకోజెన్ తక్కువ ఖర్చవుతుంది. హాఫ్‌లో 16, 17 కి.మీ. దగ్గర కాళ్లు సీసంలా బరువెక్కడం దీనివల్ల చాలా తగ్గుతుంది. ఫుల్ మారథాన్‌కి ఎప్పుడైనా వెళ్తే దీని విలువ రెట్టింపు.

లాక్టేట్‌ను చాలామంది చెత్త అనుకుంటారు. అది కూడా ఇంధనమే. వేగపు తంతువుల్లో పుట్టిన లాక్టేట్‌ను పక్కనున్న నెమ్మది తంతువులు, గుండె కండరం తీసుకుని కాల్చుకుంటాయి. మైటోకాండ్రియా ఎక్కువ ఉన్నవాళ్లు దాన్ని ఎక్కువ కాల్చగలరు. అందుకే నెలల తరబడి మెల్లగా పరిగెత్తినవాళ్లకు ఏ ఇంటర్వెల్సూ లేకుండానే 10 కె టైమింగ్ తగ్గుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు.

ఒక అపోహ కూడా తీసేయాలి. ఊపిరితిత్తులు పెద్దవి అవుతాయని చాలామంది రాస్తుంటారు. పెద్దవాళ్లలో వాటి పరిమాణం పెద్దగా మారదు. శ్వాస కండరాలు బలపడతాయి, అదే వేగానికి కావాల్సిన ఊపిరి తగ్గుతుంది. ఆయాసం తగ్గడానికి కారణం ఎక్కువగా కింద, కాళ్లలో ఉంది.

మరి ఇంటర్వెల్స్? మీ స్నేహితుడికి న్యాయం చేయాలి. వీఓ2 మ్యాక్స్, అంటే ఒళ్లు నిమిషానికి వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌ను పెంచడంలో ఇంటర్వెల్సే వేగంగా పనిచేస్తాయి. 2007లో అచ్చయిన ఒక నార్వే ప్రయోగంలో, గుండె వేగం 90 నుంచి 95 శాతం దగ్గర నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు పరిగెత్తినవాళ్లకు ఎనిమిది వారాల్లో వీఓ2 మ్యాక్స్ బాగా పెరిగింది. అంతే మొత్తం పని మెల్లగా చేసినవాళ్లకు పెరగలేదు. ఈ ఫలితాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయినా మీకు ముందు మెల్లని పరుగే చెప్తున్నాను. ఎందుకంటే మీరు పైకప్పుకు దగ్గర్లోనే ఎనిమిది నెలలుగా ఉన్నారు, మీకు లేనిది కింది భాగం. రెండోది, హాఫ్ మారథాన్‌లో ఖర్చయ్యే శక్తిలో 98 శాతం దాకా ఆక్సిజన్‌తో వచ్చేదే. రెండున్నర గంటల రేసులో మీ గరిష్ఠం ఎంత అన్నదానికంటే దానిలో ఎంత శాతాన్ని అంతసేపు నిలబెట్టగలరన్నది పెద్ద ప్రశ్న. మూడోది ఎముకలు, స్నాయువులు. గుండె, రక్తంలో మార్పు వారాల్లోనే మొదలవుతుంది. మడమ వెనక స్నాయువు, మోకాలి కింది ఎముక నెలలు తీసుకుంటాయి. ఊపిరి బాగుంది కదా అని వేగం పెంచితే ముందు దెబ్బతినేవి అవే. మోకాలి కింద ఎముక వెంబడి నొప్పితో వచ్చిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎవరికీ దమ్ముకు లోటు లేదు.

చరిత్రలోంచి ఒక్క ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే ఇది నా బోధన మొత్తానికి ఆధారం. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన రన్నర్లందరినీ, 800 మీటర్లవాళ్లతో సహా, వారానికి వంద మైళ్ల దాకా ఆగకుండా పరిగెత్తించేవారు. ఆక్లండ్ దగ్గర కొండదారిలో 22 మైళ్ల ఆదివారం పరుగు వాళ్లకు మామూలే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. 1964 టోక్యోలో స్నెల్ 800, 1500 రెండూ గెలిచారు. రెండు నిమిషాల లోపు ముగిసే రేసుకు కూడా పునాది అదే అని ఆయన పట్టుబట్టారు. అయితే లిడియార్డ్ చెప్పింది కాళ్లీడ్చుకుంటూ వెళ్లమని కాదు. ఆ పరుగులు హాయిగా అలసిపోయే వేగంలో ఉండేవి, చివర్లో ఇంకొంచెం వెళ్లగలం అనిపించేలా. మెల్లగా అన్నామని భుజాలు వాల్చి, పాదాలు రాసుకుంటూ పరిగెత్తకండి. అడుగులు చిన్నవిగా, చురుగ్గా, ఒళ్లు నిటారుగా ఉండాలి.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి. ఓయూ క్యాంపస్ వైపు కానిస్టేబుల్ పరీక్షకు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లను పొద్దున్నే చూడొచ్చు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది. వాళ్లు రోజూ అదే 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తి, కూలబడి, ఇంటికి వెళ్లిపోతారు. అలాంటి ఒక అబ్బాయి 7:50 దగ్గర నెలలుగా ఆగిపోయి నన్ను అడిగాడు. అతనితో రెండు నెలలపాటు 1600 టైమ్ చూసుకోవడమే మాన్పించి, 40 నుంచి 60 నిమిషాల మెల్లని పరుగులు చేయించాను, చివర్లో కొన్ని చిన్న చిన్న వేగపు పరుగులు. తర్వాత మూడు వారాలు 400 మీటర్ల రిపీట్స్, అంటే 400 మీటర్లు వేగంగా పరిగెత్తి, కాస్త ఆగి, మళ్లీ పరిగెత్తడం. అతను హాయిగా క్వాలిఫై అయ్యాడు. ఏడు నిమిషాల పరుగులో కూడా ఎనభై శాతం పైగా శక్తి ఆక్సిజన్‌తోనే వస్తుంది. ఈ విషయం ఆ గ్రౌండ్‌లలో ఎవరూ ఈ పిల్లలకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఉద్యోగం పోయేది అర నిమిషం దగ్గర.

ఎంత మెల్లగా అనేదానికి మూడు కొలతలు చెప్తాను, మొదటిదాన్నే నమ్మండి. పూర్తి వాక్యాలు రొప్పకుండా మాట్లాడగలగాలి. ఒంటరిగా వెళ్తే ఫోన్‌లో అమ్మతో మాట్లాడినట్టు రెండు మూడు వాక్యాలు పైకి అనుకోండి, మధ్యలో ఊపిరి తెగకూడదు. రెండోది గుండె వేగం. మీ గరిష్ఠం 183 అనుకుంటే 132 నుంచి 143 మధ్య. మూడోది పేస్ (కి.మీ.కి పట్టే నిమిషాలు), అది చివర్న. ఎందుకంటే మన ఊళ్లో పేస్ రోజుకోలా అబద్ధం చెప్తుంది. కేబీఆర్ పార్కు బయటి వాక్‌వే మీద ఎత్తుపల్లాలున్నాయి, నెక్లెస్ రోడ్డు చదును. రెండు చోట్లా ఒకే పేస్ పట్టుకుంటే ఒకచోట తేలిక, ఒకచోట పరీక్ష.

వాచీ గురించి ఒక హెచ్చరిక. మణికట్టు వాచీలు కొన్నిసార్లు నాడి బదులు అడుగుల లయను పట్టుకుంటాయి. నిమిషానికి 165, 170 అడుగులు వేస్తున్న మనిషికి గుండె వేగం కూడా 165, 170 అని చూపిస్తాయి. హాయిగా మాట్లాడుతున్నా వాచీ 170 అంటుంటే ఆగి మెడ దగ్గర నాడి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. కుదిరితే ఛాతీ పట్టీ కొనండి. షూస్ తర్వాత నేను డబ్బు పెట్టమనేది దానికే.

మొదట్లో 143 లోపు ఉండాలంటే మీరు ప్రతి ఫ్లైఓవర్ మీదా నడవాల్సి వస్తుంది. నడవండి. తోటి రన్నర్లు దాటిపోతారు, స్ట్రావా యాప్‌లో మీ పేస్ చూసి ఎవరో ఏదో అంటారు. ఆ నెల గడవడమే కష్టం. ఐదారు వారాలకు నడక అవసరం తగ్గుతుంది.

ఎండ, ఉక్క. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు ఇదే పెద్ద విషయం. వేడిలో రక్తం చర్మానికి మళ్లుతుంది, చెమటతో ప్లాస్మా తగ్గుతుంది, ఒక్కో చప్పుడుకి వెళ్లే రక్తం తగ్గి గుండె వేగం పెరుగుతుంది. ఫిబ్రవరిలో 140 దగ్గర వచ్చిన పేస్‌కు మే నెలలో 152 రావచ్చు. మీ ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడొద్దు, పేస్ తగ్గించండి. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పరుగు తగ్గించి సాగండి. ఐదింటికల్లా బయల్దేరితే ఆరున్నరకు ముగించవచ్చు. మరీ చీకట్లో అయితే ఒక్కరే వెళ్లకండి. కాలనీల్లో కుక్కల బెడద మీకు తెలిసిందే, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే కొంత నయం. జూలైలో ఉష్ణోగ్రత తగ్గినా గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, అప్పుడూ పేస్‌ను వదిలేయాల్సిందే.

వారం ఎలా ఉండాలి. ఇప్పటి ఐదు రోజులను నాలుగు చేయండి. మంగళ, గురువారాల్లో 40 నిమిషాలు, శుక్రవారం 35 నిమిషాలు, ఆదివారం 65 నిమిషాలు. కి.మీ. లెక్క మర్చిపోయి నిమిషాలు చూడండి. ఆదివారం పరుగును వారానికి ఐదు నుంచి పది నిమిషాలు పెంచుతూ, ప్రతి నాలుగో వారం పావు వంతు తగ్గిస్తూ, జూన్ నెలాఖరుకు రెండు గంటల దగ్గరికి తీసుకెళ్లండి. మధ్య రోజులు 50, 55 నిమిషాలకు చేరొచ్చు. మూడో వారం నుంచి శుక్రవారం పరుగు చివర్లో 20 సెకన్ల చొప్పున ఐదారు వేగపు పరుగులు, మధ్యలో నిమిషంన్నర నడక. ఇవి కాళ్లకు వేగం గుర్తుండడానికి, ఆయాసపడడానికి కాదు. పన్నెండు వారాల తర్వాత గురువారం పరుగు మధ్యలో 15 నిమిషాల టెంపో, అంటే నాలుగైదు మాటలు మాత్రమే అనగలిగే వేగం, పెట్టి మెల్లగా 25 నిమిషాలకు పెంచండి. ఇంటర్వెల్స్ కావాలంటే జూలైలో నాలుగు వారాలు, వారానికి ఒక్కసారి, అది కూడా టెంపో బదులు. ఆగస్టు రేసు నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి వైపు సాగే దారి, ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. కాబట్టి జూన్ నుంచి కొన్ని ఆదివారాలు చదును దారి వదిలి జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాల్లో పరిగెత్తండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? మూడు వారాలకోసారి ఒకే దారిలో, ఒకే సమయంలో, పది నిమిషాల వార్మప్ తర్వాత గుండెను 140 దగ్గర నిలబెట్టి అరగంట పరిగెత్తండి, ఎంత దూరం వచ్చిందో రాసుకోండి. అదే గుండె వేగానికి దూరం పెరుగుతుంటే పునాది కడుతున్నట్టే. ఇంకొకటి, గంటసేపు ఒకే పేస్‌లో పరిగెత్తి మొదటి అరగంట, రెండో అరగంట సగటు గుండె వేగాలు పోల్చండి. తేడా ఐదు శాతం లోపు ఉంటే టెంపో మొదలుపెట్టొచ్చు. మే నెల ఎండలో మాత్రం ఈ రెండో పరీక్ష పెట్టుకోకండి, వేడి లెక్కంతా చెడగొడుతుంది.

ఆరు వారాలైనా కదలిక లేకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. ఉప్పల్ నుంచి వచ్చే ఒకావిడ నెలల తరబడి శ్రద్ధగా మెల్లగా పరిగెత్తినా, నడకకు కాస్త పైవేగంలోనే గుండె 165 దాటేది. అందరూ ఇంకా మెల్లగా వెళ్లమనేవారు. చివరికి పరీక్షలో హిమోగ్లోబిన్ 9 దగ్గర తేలింది. డాక్టర్ ఇచ్చిన ఐరన్ వాడాక, మూడు నెలల్లో అదే వేగానికి 145కి వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ సమాధానం చదివే ఆడవాళ్లందరికీ నా మాట ఒకటే: శిక్షణ మొదలుపెట్టే ముందే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూయించుకోండి. లోపం ఉంటే ఎంత పరిగెత్తినా పైన రాసినవాటిలో సగం జరగవు.

ఇంకొన్ని జాగ్రత్తలు. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే) మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం లెక్కలు పనికిరావు, మాట్లాడే పరీక్షే ఆధారం. షుగర్‌కు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతుంటే లాంగ్ రన్‌లో షుగర్ పడిపోవచ్చు. డోసు, తిండి గురించి డాక్టర్‌తో మాట్లాడి, జేబులో గ్లూకోజ్ పెట్టుకునే వెళ్లాలి. పరుగులో ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపిస్తే అక్కడితో ఆపి డాక్టర్‌ని కలవండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, ముందే ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) చేయించుకుని మొదలుపెట్టండి.

చివర్లో ఖాళీ కడుపుతో పరిగెత్తాలా అని కూడా అడిగారు. గంట లోపు మెల్లని పరుగైతే పర్వాలేదు, నీళ్లు తాగి వెళ్లండి. ఆదివారం గంటన్నర దాటితే ముందు ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో తినండి, ముప్పావు గంట తర్వాత నుంచి ఉప్పు, పంచదార కలిపిన నిమ్మనీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. కొవ్వు బాగా కరుగుతుందని రెండు గంటల పరుగు పస్తుతో చేయొద్దు. మర్నాడు నీరసించి మంగళవారం పరుగు పోతుంది. ఇంటికొచ్చిన అరగంటలో ఇడ్లీయో, గుడ్లో, పెరుగన్నమో, మీకు అలవాటున్నది కడుపునిండా తినండి.

మొదటి మూడు వారాల అరగంట పరీక్ష అయ్యాక దూరం, సగటు గుండె వేగం, ఆ రోజు ఎన్ని గంటలకు పరిగెత్తారు అనే మూడు వివరాలు ఇక్కడే రాయండి. వాటిని చూసి పేస్ సర్ది చెప్తాను.